అప్పలసూరి చేను మీద మబ్బు

ఇందులో రాసిన ప్రతి అక్షరమూ నిజం. నా కెమెరా మీద ఒట్టు, దాని లెన్సు మీద ఒట్టు, లెన్సు ముందు బిగించుకునే గాజుపలకల మీద మరీ మరీ ఒట్టు. నేను చెప్పే మాటల్లో సగం తరుగు తీసి వినాలని మా ఇంటావిడ వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతూ ఉంటుంది. ఆ తరుగు భోజనాల దగ్గర చెప్పే కబుర్లకు వర్తిస్తుంది. ఇది ఉద్యోగం సంగతి. దీనికి తరుగు లేదు.

ఆ ఏడాది వరికోతలకు కొంచెం ముందు నన్ను విజయనగరం నుంచి శ్రీకాకుళానికి బదిలీ చేశారు. ఒక తెలుగు దినపత్రికలో జిల్లా ఎడిషన్‌కు స్టాఫ్ ఫొటోగ్రాఫర్‌ని. పత్రిక పేరు ఎందుకులెండి. నాకిప్పుడు యాభై దాటింది. విలేకరి ఫోన్‌తో తీసిన ఫొటోయే పేజీకి ఎక్కేస్తున్న రోజులు వచ్చాక, ముందస్తు విరమణ ఎవరికి కావాలని కంపెనీ అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తినవాణ్ణి. ఎత్తిన చేతిలో కెమెరా ఉందని, ఫొటో తీస్తున్నాననుకుని ఎవరో నవ్వారు కూడా.

బయటివాళ్ళకు మా కొలువు తెలియదు కాబట్టి కాస్త చెబుతాను. మండలానికో కంట్రిబ్యూటర్ ఉంటాడు. అతనికి జీతం ఉండదు, గుర్తింపు కార్డు ఉంటుంది. అతని పైన స్టాఫ్ రిపోర్టర్, ఆ పైన బ్యూరో ఇన్‌ఛార్జి. వీళ్ళు వార్త తెచ్చేవాళ్ళు. తెచ్చినదాన్ని దిద్ది, శీర్షిక పెట్టి, పేజీలో కూర్చేది డెస్క్. డెస్క్‌కు ఒక ఇన్‌ఛార్జి. ఫొటోగ్రాఫర్ ఈ రెండింటికీ మధ్య మనిషి. బ్యూరో వాళ్ళు పొలానికి తోలుతారు, డెస్క్ వాళ్ళు పొలం బాగా రాలేదంటారు.

మా డెస్క్ ఇన్‌ఛార్జి పట్నాయక్ గారు. సన్నగా, తెల్లగా ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. మనిషి కోపం చూపించరు. "ఇంకొంచెం" అంటారు. ఆ ఒక్క మాటతో ఎంతోమంది సబ్‌ఎడిటర్లకు జుట్టు నెరిసింది.

మార్గశిరం మొదట్లో ఒక మంగళవారం. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందని వాతావరణ బులెటిన్ వచ్చింది. అది ఒడిశా వైపు వెళ్ళొచ్చు, మనవైపు తిరగొచ్చు, సముద్రంలోనే నీరసపడిపోనూ వచ్చు. పొద్దుటి సమావేశంలో పట్నాయక్ గారు నన్ను పిలిచి, మూడు దారులూ రాసిన వార్తకు దారి తేల్చని ఫొటో ఒకటి కావాలన్నారు. చేలో వరి ఉండాలి, పైన ఆకాశం ఉండాలి, ఆకాశం చూస్తే రైతు గుండె ఝల్లుమనాలి.

నేను కిటికీలోంచి చూశాను. ఆకాశం ఉతికి ఆరేసిన పంచెలా ఉంది. ఆ మాటే అన్నాను. ఉన్న ఆకాశాన్నే తెమ్మంటున్నానని, కొత్తది కొనమనడం లేదని ఆయన జవాబిచ్చారు.

ఆకాశాన్ని తేవడానికి అప్పట్లో నా సంచిలో రెండు గాజుపలకలు ఉండేవి. ఒకటి పోలరైజర్. గుండ్రంగా ఉంటుంది, లెన్సు ముందు బిగించి తిప్పుకోవాలి. నీలాకాశంలో ఒక రకం మెరుపు పరుచుకుని ఉంటుంది. దాన్ని ఈ గాజు తుడిచేస్తుంది. నీలం ముదురుతుంది, మబ్బుతునకలు దూదిని విడదీసినట్టు లేచి నిలబడతాయి. అయితే సూర్యుడు మన భుజం పక్కన ఉండాలి. ఎదురుగానో వెనకగానో ఉంటే తిప్పీ తిప్పీ చెయ్యి నొప్పి తప్ప మరేమీ రాదు.

రెండోది పై సగం నల్లగా, కింద సగం మామూలుగా ఉండే పలక. దాన్ని గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ అంటారు, మేము సగం నలుపు అనేవాళ్ళం. పొలం కంటే ఆకాశం ఎప్పుడూ వెలుగెక్కువ. పొలానికి సరిపడా వెలుగు తీసుకుంటే ఆకాశం సున్నం కొట్టిన గోడలా వస్తుంది. ఆకాశానికి సరిపెడితే పొలం బొగ్గవుతుంది. ఈ పలక నల్ల సగాన్ని ఆకాశం మీదికి జరిపితే రెండూ సర్దుకుంటాయి. చిక్కల్లా ఎక్కడంటే, గాజు మీద గీత తిన్నగా ఉంటుంది, మన పొలాల అంచున తాటిచెట్లుంటాయి. చెట్టు మొదలు వెలుగులో ఉంటుంది, తల నల్ల సగంలోకి పోతుంది. తల మాత్రం కాల్చినట్టు వస్తుంది. తెలిసినవాడు ఆ తాటితల చూసి, ఇక్కడ గాజు పడిందని పట్టేస్తాడు.

ఆమదాలవలస దాటి, రైలుకట్ట పక్కనే పోతుంటే నాకు కావలసిన పొలం కనబడింది. చేనంతా పనలు. కోసిన వరిని చేతికి వచ్చినంత చొప్పున చేలోనే పరిచి ఎండబెడతారు, వాటిని పనలంటాం. ఎండాక మోపులు కట్టి కుప్ప వేస్తారు, తీరిగ్గా నూరుస్తారు. కుప్ప పడి పైన బరకం, అంటే టార్పాలిన్ పట్టా, కప్పేస్తే వాన వచ్చినా సగం ధైర్యం. పన మీద పడిందా, గింజ చేలోనే మొలకెత్తుతుంది. ఏడాది కష్టం ఆవుకు మేత.

గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో గొడుగు పట్టుకుని ఒకాయన కూర్చున్నాడు. కుడికాలికి పిండికట్టు. పేరు అప్పలసూరి. చేలో ఒంటరిగా పనలు తిరగేస్తున్న ఆవిడ ఆయన భార్య గౌరమ్మ. నేను పత్రిక పేరు చెప్పాను.

"పేపరోలా? రండి బాబూ. నా కాలు ఫొటో తీస్తారేటి, సేను ఫొటో తీస్తారేటి?" అన్నాడు అప్పలసూరి.

"కాలే తియ్యండి బాబూ," అంది గౌరమ్మ నడుం ఎత్తకుండానే. "సొంత గట్టు మీద నడవడం రాక జారిపోనోడు ఈ జిల్లా మొత్తానికి ఈయనొక్కడే."

పనలు ఎండిపోయాయి కదా, ఇంకా ఎత్తలేదేమని అడిగాను. చిత్తడి మడి, కోత మిషన్ దిగదట. కూలీలు వచ్చి కోశారట. కోసిన మర్నాడే భోగాపురం ఎయిర్‌పోర్టు పనులకు పోయారట.

"ఇమానాలు దిగడానికి జాగా సదును సేత్తన్నారంట. నా వరి ఎత్తడానికి మనిషి దొరకట్లేదు," అన్నాడు అప్పలసూరి. "ఇమానం ఎక్కినోడు మాత్రం అన్నం తినడేటి?"

మరి చుట్టాలెవరూ లేరా అన్నాను. అనకుండా ఉండవలసింది. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మొదలుపెట్టారు. వడగట్టి చెబుతాను. గౌరమ్మకు ఒక అన్న, కూర్మారావు. సాలూరులో సొంత లారీ ఉంది. ఏటా కుప్పలేసే రోజుకు మనుషుల్నీ, బరకాన్నీ లారీలో వేసుకొచ్చేవాడు. ఈ దంపతుల కూతురు పెళ్ళిలో, పిల్లకు స్వయానా మేనమామ అయిన ఆ మనిషికి మొదటి బంతిలో విస్తరి దొరకలేదు. మగపెళ్ళివారి హడావిడిలో ఎవరూ ఆయన్ని చూసుకోలేదు. రెండో బంతిలో కూర్చోబెట్టారు. మేనమామను రెండో బంతిలో! ఆయన సాంబారు దాకా తిని లేచిపోయాడు. అప్పటినుంచి ఈ గడప తొక్కలేదు.

"పిలిస్తే వస్తారేమో?"

"నానెందుకు పిలుత్తాను? తిన్న ఇస్తరి ముందు నుంచి లేసిపోనోడు ఆయన," అన్నాడు అప్పలసూరి.

"ఈయన పిలవడు. ఆయన పిలవందే రాడు. మద్దెన నా వరి మొలకెత్తాల," అంది గౌరమ్మ. అనేసి తిరిగి పనల మీదికి వంగింది. ఒంటిమనిషి తిరగేయగలదు గాని మోపులు కట్టి ఎత్తలేదు. రేడియోలో బులెటిన్ ఆవిడా వినే ఉంది.

మధ్యాహ్నం వాలింది. సూర్యుడు నైరుతికి దిగాడు. నేను ఆగ్నేయం వైపు, సముద్రం దిక్కుకు తిరిగి నిలబడ్డాను. సూర్యుడు సరిగ్గా కుడిభుజం పక్కకు వచ్చాడు. ఆ దిక్కున గొర్రెపిల్లల్లాంటి తెల్లమబ్బులు నాలుగైదు ఉన్నాయి, ఎవరికీ ఏ హానీ చెయ్యనివి. పోలరైజర్ తిప్పాను. గొర్రెలు పొట్టేళ్ళయ్యాయి. సగం నలుపు పలకను దాని ముందు దింపాను. పొట్టేళ్ళు దున్నలయ్యాయి. వెలుగు ఇంకో మెట్టు తగ్గించి నొక్కాను.

కెమెరా వెనక చిన్న తెరలో గౌరమ్మకు చూపించాను. పల్లెటూళ్ళలో ఫొటో తీశాక చూపించకుండా వచ్చేస్తే తప్పు.

"ఓలమ్మో! ఇదేటి బాబూ, మా సేను మీద ఇంత మబ్బెక్కడిది?" అని తల ఎత్తి పైకి చూసింది. మళ్ళీ తెర చూసింది.

గాజు మహిమ అని చెప్పాను.

"ఆ అద్దం ఒకటి మాకిచ్చీండి," అన్నాడు అప్పలసూరి కుర్చీలోంచి. "మా బావ కళ్ళకి తగిలిస్తాను."

ఊరి పేరు, రైతు పేరు రాసుకుని, నా ఫోన్ నంబరు ఇచ్చి వచ్చేశాను. ఫొటోలో మనిషి కనబడితే పేరు, ఊరు తప్పనిసరిగా ఇవ్వాలి, అది మా నియమం.

ఫొటో దిద్దడానికీ డెస్క్‌లో ఒక నియమం ఉండేది. ఉన్నదాన్ని ముదురు చేయొచ్చు, లేనిదాన్ని తేకూడదు. పెళ్ళి ఆల్బమ్‌లు చేసే స్టూడియో వాడు ఒక ఆకాశం కోసి మరో ఆకాశం అతికిస్తాడు. భీమిలిలో తీసిన జంట వెనక హిమాలయాలు పెడతాడు. అది వాడి వృత్తి ధర్మం. వార్తా ఫొటోకు ఆ పని చేస్తే ఉద్యోగం పోతుంది. నేను కంప్యూటర్ ముందు కూర్చుని, ఉన్న మబ్బుల్లో తెలుపు కాస్త దించాను. నీలంలో రంగు తీసేసి పలక రాయి చేశాను. మంచుపొరను తుడిచే మీట ఒకటి ఉంటుంది, దాన్ని ఒక చిటికెడు జరిపాను. పనలు చీకట్లో పడకుండా కింద భాగంలో నీడలు ఎత్తాను. అక్కడికి ఆపడం మంచిది. ఆ పైన పోతే పొలానికీ ఆకాశానికీ మధ్య తెల్లటి అంచు పుడుతుంది, బొమ్మ కత్తిరించి అంటించినట్టు ఉంటుంది.

పట్నాయక్ గారు వచ్చి నా వెనక నిలబడ్డారు. చూశారు. "ఇంకొంచెం" అన్నారు.

ఇంకొంచెం దించాను. ఆయన టీ తాగి వచ్చారు. మళ్ళీ "ఇంకొంచెం." తెల్లటి అంచు వస్తుందన్నాను. రాకుండా ఇంకొంచెం అన్నారు. మొత్తానికి ఆ ఫొటో ఆయనకు ఎంత నచ్చిందంటే, మా జిల్లాకే కాకుండా చుట్టుపక్కల జిల్లాల మొదటి పేజీలకూ పంపారు. నా ఉద్యోగంలో అంత గౌరవం అంతకుముందు జరగలేదు. ఛాతీ పొంగి ఇంటికి వెళ్ళిపోయాను. ఫొటో కింద రాసే వాక్యం ఎవరు రాస్తున్నారో చూడలేదు.

దాన్ని రాసినవాడు పొలానికి రాలేదు. ఫొటోలో ఏం కనబడితే అది రాశాడు. "ఆమదాలవలస సమీపంలో రైతు అప్పలసూరి పొలంపై మంగళవారం కమ్ముకొచ్చిన కారుమబ్బులు. కోసిన వరి ఇంకా చేలోనే." పైగా పత్రిక కాగితం సిరాను పీలుస్తుంది. తెర మీద ముదురుగా ఉన్నది కాగితం మీద ఇంకో వన్నె ముదురుతుంది. గాజు కొంత, నేను కొంత, పట్నాయక్ గారు ఇంకొంచెం, సిరా మరికొంచెం. నాలుగు గొర్రెలు తెల్లారేసరికి తుపాను.

పొద్దెక్కాక లేచి నేను పళ్ళు తోముకుంటుండగా అప్పలసూరి ఫోన్ చేశాడు.

"బాబూ, ఏటి సేసీసినారు? మా సుట్టాలందరూ దిగీసినారు. మబ్బేదని అడుగుతన్నారు. ఏటి సెప్పమంటారు?"

మా ప్రాంతంలో ఒక కట్టు ఉంది, బయటివాళ్ళకు చెబితే నమ్మరు. పెళ్ళికి పిలవకపోతే పోరు. చావుకు కబురు రాకపోతే పోరు. కాని పనల మీద మబ్బు పట్టిందని తెలిస్తే మాత్రం పిలుపు కోసం చూడరు. పగవాడి చేనైనా సరే, తాడు పట్టుకుని వెళ్ళిపోతారు. తర్వాత పగ ఎలాగూ ఉంటుంది, వరి ఉండదు కదా అని వాళ్ళ లెక్క.

నేను వెళ్ళేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఆకాశంలో నిన్నటి గొర్రెలు కూడా లేవు. రోడ్డు మీద సాలూరు లారీ ఒకటి, దాని మీద దాని అంత బరకం. పొద్దుటి రైలుకు ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగిన ఆడా మగా తాళ్ళు, కొడవళ్ళు పట్టుకుని చేలో ఉన్నారు. సగం చేను అప్పటికే మోపులైంది. అందరి మధ్య బొంగురు గొంతుతో, లుంగీ ఎగ్గట్టి, అరుస్తూ మోపులు ఎత్తిస్తున్న లావుపాటి మనిషిని ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. కూర్మారావు.

ఆయన బావతో మాట్లాడడం లేదు. బావ రెండు బారల దూరంలో కుర్చీలో ఉన్నాడు. మాటలన్నీ గౌరమ్మ మీదుగా పోతున్నాయి.

"ఒసే గౌరీ, మీ ఆయన్ని కుర్సీ జరపమను. కుప్ప అక్కడే పడాల."

"జరుగుతాను గాని, కుప్ప ఏటవాలుగా ఉన్నాదని మీ అన్నకి సెప్పు."

"సొంత కాలు తిన్నగా లేనోడు కుప్ప వాలు సూత్తన్నాడు, ఆయనకి సెప్పవే."

గౌరమ్మ ఎవరికీ ఏమీ చెప్పకుండా మోపు తలకెత్తుకుని పోతోంది.

అంతలో ఎవరో పత్రిక తెచ్చారు. కూర్మారావు దాన్ని రెండు చేతులా పట్టుకుని ఆగ్నేయానికి తిరిగాడు. ఫొటోనూ పొలాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"గట్టు ఇదే. కుర్సీ ఇదే. సెట్లు ఇవే. మరి మబ్బేదిరా? తాటిసెట్ల తలకాయలెందుకు మాడిపోనాయి?"

రైలులో వచ్చిన చుట్టాల్లో ఒక పెద్దాయన మోపు దించి నడుం పట్టుకుని, నోటికి వచ్చింది అనేశాడు. "సూరే పేపరోడికి సెప్పి ఏయించీసుంటాడు. కబురెట్టడానికి నామోషీ గావాల."

చేనంతా చల్లబడిపోయింది. కూర్మారావు చేతిలో తాడు కింద పడేశాడు. ఆయన మనుషులు ఆయన ముఖం చూశారు. ఆయన లారీ ఎక్కితే వాళ్ళూ ఎక్కుతారు. బరకం పోతుంది. సగం చేను ఇంకా నేల మీదే ఉంది. అల్పపీడనం ఏ దారి పట్టిందో ఇంకా తేలలేదు. పోతే ఈసారి పోయేది రెండో బంతి కోపంతో కాదు, పత్రికలో వేసి మోసం చేశారన్న కోపంతో. అది ఈ జన్మకు తీరేది కాదు. అప్పలసూరి కుర్చీలోంచి లేవబోయి, కాలు సహకరించక మళ్ళీ కూలబడ్డాడు. "నానేటీ సెప్పలేదు" అన్నాడు. ఎవరూ నమ్మినట్టు లేదు.

నేను ముందుకు వెళ్ళి ఫొటో తీసింది నేనేనని చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పటికి నా నాలుక చివర చక్కటి అబద్ధం ఒకటి తయారుగా ఉంది. మబ్బు నిన్న వచ్చిందనీ, రాత్రి గాలికి ఇచ్ఛాపురం మీదుగా ఒడిశా వెళ్ళిపోయిందనీ. వాడలేకపోయాను. కెమెరా తెర చూసిన గౌరమ్మ మోపు నెత్తిన పెట్టుకుని నన్నే చూస్తోంది.

సంచిలోంచి పోలరైజర్ తీసి కూర్మారావు చేతిలో పెట్టాను. ఒక కన్ను మూసుకుని ఆకాశం చూడమన్నాను, మెల్లగా తిప్పమన్నాను. ఆయన చూశాడు. తిప్పాడు. ముఖం మారింది. సగం నలుపు పలక ఇచ్చాను. దాన్ని చెట్ల మీదికి పట్టుకుని చూశాడు. కిందికి దించాడు, పైకి ఎత్తాడు. రెండూ నా చేతిలో పెట్టి రోడ్డెక్కి లారీ దగ్గరికి నడిచాడు. వెళ్ళిపోతున్నాడనే అనుకున్నాం.

ఆయన లారీ ముందు అద్దం మీద చెయ్యి వేశాడు. అద్దానికి పైభాగాన, ఎండ కళ్ళల్లో పడకుండా, ఈ చివర నుంచి ఆ చివర దాకా నల్ల స్టిక్కర్ అంటించి ఉంది.

"ఇదే గదేటి బాబూ నీ ఇద్దె?" అని రోడ్డు మీంచే అరిచాడు. "దీన్లోంచి సూత్తే రోజూ తుపానే. ఇన్నాల్లూ నాను సాలూరు నుంచి రాయపూరు దాకా తుపాన్లోనే తోలతన్నాను!"

ఆయన మనుషులు నవ్వారు. ఆయన నవ్వలేదు. చేలోకి దిగి, ఆ మాట అన్న పెద్దాయన ముందు నిలబడ్డాడు.

"ఇలగ సెయ్యాలంటే బుర్రుండాల. మా బావకి అంత లేదు. ఇది ఈ బాబు పనే."

ఆ ముక్కతో అప్పలసూరి నిర్దోషి అయ్యాడు. అంత అవమానకరంగా ఒక మనిషి బయటపడడం నేను మళ్ళీ చూడలేదు. అప్పలసూరి మాత్రం అది పొగడ్త అయినట్టు తల ఊపాడు.

కూర్మారావు వంగి తాడు అందుకున్నాడు. "ఒసే గౌరీ, మీ ఆయనకి సెప్పు. మబ్బు అద్దంలోదైతే అయినాది. పనలు అద్దంలోవి కావు గదా. లారీ వచ్చీసినాది, బరకం దింపీసినాం. సగం సేనెత్తి సగం వదిలీసి పోతే సాలూరులో నన్ను మనిషంటారేటి?" తర్వాత నావైపు తిరిగాడు. "మబ్బు తెచ్చినోడు సూత్తా నిలబడకూడదు బాబూ. మోపెత్తు."

ఎత్తాను. నా తొలి మోపు గట్టు దాకా వెళ్ళేసరికి గడ్డే మిగిలిందని, గింజలన్నీ దారిలోనే రాల్చేశానని గౌరమ్మ అంటుంది. ఆవిడకు కాస్త పెంచి చెప్పే అలవాటు.

పొద్దు వాలేవేళకు గౌరమ్మ గట్టు పక్కనే రాళ్ళ పొయ్యి మీద అన్నం, ఎండుచేపల పులుసు వండి దించింది. లారీ బరకంలో మిగిలిన కొసను నేల మీద పరిచి విస్తళ్ళు వేశారు. బంతి మొదట్లో, అందరికంటే ముందున్న విస్తరి దగ్గర గౌరమ్మ స్వయంగా నీళ్ళు చల్లి అన్నను పిలిచింది.

కూర్మారావు కుప్ప మీంచి దిగలేదు. "నాను రెండో బంతి మనిషిని. అలవాటైపోనాది" అని తాడు బిగించుకుంటూ ఉండిపోయాడు.

గౌరమ్మ కళ్ళు నీళ్ళతో నిండాయో, పొయ్యి పొగో నాకు తెలియదు. అప్పలసూరికి కుర్చీ దగ్గరికి పళ్ళెం తెచ్చారు. ఆయన పళ్ళెం వెనక్కి నెట్టేశాడు. "నాదీ రెండో బంతే" అన్నాడు.

మొదటి బంతి తిని లేచింది. మోపులు మోసి ఆలస్యమైన నాకు, అటు కూర్మారావుకు, ఇటు అప్పలసూరికి విస్తళ్ళు పడ్డాయి. పిండికట్టు కాలు మడవదు. ఇద్దరు పట్టుకుని దింపితే ఆయన బరకం మీద వంకరగా కూర్చున్నాడు. కాలు నా విస్తరి దాటి పోయి బావగారి విస్తరి అంచున ఆగింది. కూర్మారావు ఆ కాలినీ, దాని పైన మనిషినీ చూశాడు.

"ఇటు సాపుకో బావా. లేకపోతే పులుసులో పెట్టీగలవు" అన్నాడు. తన విస్తరి పక్కకు జరుపుకున్నాడు.

పెళ్ళి తర్వాత ఇద్దరి మధ్యా మొదటి మాట అది. రెండో మాట ఉప్పు గురించి. నేను మధ్యలో కూర్చున్నాను గాని ఫొటో తీయలేదు. చెయ్యి పులుసులో ఉంది.

ఆఖరి కుప్ప మీద బరకం కప్పి తాళ్ళు బిగిస్తుండగా ఆగ్నేయం నల్లబడింది. నా ఫొటోలో ఎలా ఉందో అచ్చం అలాగే నల్లబడింది. తాటితలలు కూడా అలాగే మాడాయి. అందరూ మబ్బును వదిలేసి నన్ను చూశారు. బరకం మీద మొదటి చినుకు టప్పున పడింది, ఆ వెనక కుండపోత. లారీ కింద దూరి నిలబడ్డాం. పెద్దాయన నా సంచికి దూరంగా జరిగాడు. ఆఫీసు నుంచి పట్నాయక్ గారు ఫోన్ చేసి, ఈరోజు ఫొటోకు "ఇంకొంచెం" అక్కర్లేదన్నారు.

ఈ సంఘటన నేర్పినది నా వృత్తిలోకి వచ్చేవాళ్ళకు చెబుతాను. ఫిల్టర్ వాడండి, తప్పు లేదు. కంటికి కనబడేది కెమెరాకు కనబడదు, దానికి సాయం కావాలి. దిద్దుకోండి. కాని గాజు తగిలించిన రోజున ఫొటో కింది వాక్యం మీరే రాయండి, లేదా రాసేవాడి పక్కన కూర్చోండి. ఆకాశాన్ని మీరు ఎంత ముదురు చేశారో మీకు ఒక్కరికే తెలుసు. కింద వాక్యం రాసేవాడికి తెలియదు, సాలూరులో టీ తాగుతూ చదివేవాడికి అసలే తెలియదు. రెండోది, ఫొటోలో కింద సగం ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టే ఉంచండి. పైన ఏమైనా, జనం చివరికి దాన్నే చూస్తారు.

ఇక మొదట వేసిన ఒట్టు సంగతి. గాజుపలకల మీద ఒట్టు కాబట్టి ఒప్పుకోవాలి. వాన పడలేదు.

ఆ సాయంత్రం చుక్క రాలలేదు. అల్పపీడనం సముద్రంలోనే నీరసపడిపోయింది. కుప్పల మీద బరకం ఎండకు కాగి వాసన వేసింది. పట్నాయక్ గారు ఫోన్ చేసింది నిజమే గాని, మబ్బేదని పొద్దుటినుంచి రైతులు డెస్క్‌కు చేస్తున్న ఫోన్ల గురించి చేశారు. మర్నాడు లోపలి పేజీలో నాలుగు వరుసల వివరణ వేశాం. కూర్మారావు లారీ ఎక్కుతూ ఖాళీ ఆకాశాన్ని ఒకసారి చూసి, "బావా, నూర్పుకి కబురెట్టు. మల్లీ పేపర్లో ఏయించకు" అన్నాడు.

ఈ రాత కూర్చి చూసుకుంటే, బాగానే వచ్చింది గాని పైన ఖాళీగా అనిపించింది. చెయ్యి ఊరుకోలేదు, వాన పెట్టాను. ఉద్యోగంలో ఉండగా ఒక్కనాడూ లేనిదాన్ని తేలేదు, విరమణ అయ్యాక ఒక్కసారి తెచ్చాను. మిగతాదంతా అక్కడ ఉన్నదే. మహా అయితే ఇంకొంచెం ముదురు చేసి ఉంటాను.